థాంక్స్ చెప్పకూడని మనిషి

పోయిన వారం మార్నీని ఎక్కడ వదిలామో గుర్తుందిగా? ఓడెక్కితే తప్ప బయటపడలేని స్పార్ దీవిలో, వాళ్ళ వంటింట్లో, పొయ్యి పక్కనున్న దివాన్ మీద, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి వదిలాం. ఆమెకు ఎనిమిదో నెల. పైన ఉండాల్సిన మాయ కిందికి దిగి, బిడ్డ బయటికి రావాల్సిన దారికి అడ్డంగా కూర్చుంది. నొప్పి ఉండదు. చెప్పాపెట్టకుండా రక్తం పడుతుంది, దానంతటదే ఆగుతుంది. ఆగింది కదా అని సంబరపడొద్దని, తర్వాత వచ్చేది ముందుదాని కంటే పెద్దదవుతుందని అవతలి ఒడ్డున సెయింట్ జాన్స్ పట్నంలోని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఆస్పత్రికి అరగంట దూరం దాటి ఉండొద్దంది. మార్నీ తలూపింది. పిల్లల్ని ఎవరికైనా అప్పజెప్పి రెండు రోజుల్లో వచ్చేస్తానని దీవికి తిరిగొచ్చింది. ఆ రెండు రోజులూ నాలుగు వారాలయ్యాయి.

మొగుడు డెరిక్ వేల మైళ్ళ అవతల ఆల్బర్టా చమురు గనుల్లో ఉన్నాడు. ఆరు వారాలు అక్కడ, రెండు ఇక్కడ. ఇంట్లో ఐదేళ్ళ హేజెల్, రెండున్నరేళ్ళ టోబీ. అత్తగారు ఆల్ఫ్రీడాది పక్కిల్లే. రొట్టె కాల్చి తెస్తుంది, బట్టలు ఉతికి పెడుతుంది, ‘నేను వెళ్తే పిల్లల్ని ఉంచుకుంటారా?’ అంటే మాత్రం గిన్నెలు తోముకుంటూ వినపడనట్టు ఊరుకుంటుంది. మొన్న ఆదివారం మార్నీకి మళ్ళీ రక్తం పడింది. ఆల్ఫ్రీడా ఫోన్ చేసింది నర్సుకి కాదు, లీవై తాతకి. ఆయన మాటతో రక్తం ఆపుతాడని దీవిలో అందరి నమ్మకం. ఎదురుగా ఉండనక్కర్లేదు, చెవిన వేస్తే చాలు. ఒక్కటే షరతు: ఆయనకు డబ్బివ్వకూడదు, థాంక్స్ చెప్పకూడదు. చెబితే మంత్రం తెగిపోతుంది. పది నిమిషాల్లో రక్తం ఆగింది. మార్నీ నర్సుకి ఆ సంగతే చెప్పలేదు.

ఇవాళ గురువారం. కొట్టుకెళ్ళొచ్చిన హేజెల్ గుమ్మంలో కూర్చుని బూటు లాక్కుంటూ, “అమ్మా, లీవై తాతకి థాంక్స్ చెప్పేశా” అంది. అక్కడే కదా ఆపాం.

“ఏమన్నావ్?” అంది ఆల్ఫ్రీడా. ఆమె చేతిలో రొట్టె కోసే కత్తి ఉంది.

“థాంక్స్ చెప్పా నానమ్మా. కొట్లో కనపడ్డాడు. ‘మా అమ్మకి రక్తం ఆపావుగా, థాంక్స్ తాతా’ అన్నా. జాం సీసా కూడా ఇచ్చా. కింది అరలోదే, నాకందుతుంది.”

“ఓరి దేవుడో!” ఆల్ఫ్రీడా కత్తిని బల్ల మీద పడేసింది. “నోటితో చెప్పింది చాలక చేత్తో కూడా ఇచ్చొచ్చిందే! ఎవరు చెప్పమన్నారే నిన్ను? నీ నోరు పడిపోను, ఎవరు చెప్పమన్నారు?”

“అమ్మే! ఎవరేం చేసిపెట్టినా థాంక్స్ చెప్పాలని అమ్మే అంటుంది” అంటూనే హేజెల్ మూతి వంకర్లు పోయింది. ఒక కాలికి బూటు, ఇంకో కాలికి మేజోడు, కళ్ళనిండా నీళ్ళు.

“పిల్ల మీద అరవకండి అత్తయ్యా” అంది మార్నీ. లేవబోయి, లేవకూడదని గుర్తొచ్చి, దిండు పట్టుకుని ఆగింది. “హేజెల్, ఇలా రా బంగారం. నువ్వు తప్పేం చెయ్యలేదు.”

హేజెల్ వచ్చి తల్లి భుజంలో మొహం దాచుకుంది. అక్క ఏడిస్తే తనకూ వాటా కావాలి కాబట్టి టోబీ కూడా బయల్దేరాడు. పీట ఈడ్చుకొచ్చాడు. పీటెక్కి, దివాన్ అంచెక్కి, మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి తల్లి వీపుకి ఆనుకున్నాడు. నాలుగు వారాలుగా వాడికి తల్లి దగ్గరికి ఉన్న దారి అదొక్కటే. ఎత్తకూడదు, వంగకూడదు, మెట్లెక్కకూడదు. ఇద్దరు చిన్నపిల్లల తల్లికి చెప్పే మాటలేనా ఇవి! అయినా మార్నీ ఓ దారి చూసుకుంది. కంచాలు, బిస్కెట్లు, డైపర్లు అన్నీ కింది అరల్లోకి దింపించింది. చలికోట్లు నేల మీద తలకిందులుగా పరిస్తే, పిల్లలే చేతులు దూర్చి తల మీదుగా వేసేసుకుంటారు. టోబీకి డైపర్ నిలబెట్టే మారుస్తుంది. దివాన్ ఓడట, తను కెప్టెన్‌ట, వాళ్ళు నావికులట. కెప్టెన్ ఓడ దిగకూడదట. హేజెల్‌కి క్లినిక్ నంబరు పాటలా నేర్పింది. ఎందుకు నేర్పిందో మాత్రం చెప్పలేదు.

ఇవన్నీ పగటి ఏర్పాట్లు. స్నానాలగదిలోకి వెళ్ళినప్పుడల్లా ఆమె పడే అవస్థ ఎవరికీ తెలియదు. తుడుచుకున్న కాగితం వైపు చూడాలంటే ప్రాణం పోయేది. కళ్ళు మూసుకుని పదిదాకా లెక్కపెట్టి అప్పుడు చూసేది. తెల్లగా ఉంటే ఊపిరి వదిలేది. తువ్వాళ్ళన్నీ నల్లటివి, ముదురు నీలం రంగువి తెప్పించి పెట్టుకుంది, పిల్లల కంట పడకూడదని.

ఫోన్ మోగింది. క్లినిక్ నర్సు గ్లెండా.

“మార్నీ, కిటికీలోంచి చూశావా? గాలి మళ్ళింది. రేవుని మూసేసిన సముద్రపు మంచు దారిచ్చింది. ఓడ మూడింటికొచ్చి మూడుంబావుకి తిరిగెళ్తుంది. ఒక్కటే ట్రిప్పు. రేపు మళ్ళీ ఈశాన్యం గాలట, ఇంకెన్నాళ్ళు మూసుకుపోతుందో దేవుడికే ఎరుక. నేను వ్యానేసుకుని వస్తున్నా, నీ పక్కనే ఉంటా. ఇది అడగటం కాదు తల్లీ, చెప్తున్నా.”

“పిల్లలు గ్లెండా...”

“పిల్లలకి నానమ్మ లేదా? నీకేమన్నా అయితే వాళ్ళకి ఇంకో అమ్మని నేను తెచ్చిస్తానా? మళ్ళీ రక్తమేం పడలేదు కదా?”

మార్నీ దుప్పటి సర్దుకుంది. “లేదు” అంది. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

ఫోన్ పెట్టేసరికి ఆల్ఫ్రీడా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

“నేను పిల్లల్ని చూడను” అంది.

“ఏంటి?”

“చూడను. చూస్తానంటే నువ్వు ఓడెక్కుతావు. కదిలావంటే ఇక అది ఆగదు. మంత్రం తెగిపోయిందమ్మా, అర్థం కావట్లేదా నీకు? లీవై మామ దగ్గరికెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను, మళ్ళీ కట్టమంటాను. అప్పటిదాకా నువ్వీ దివాన్ మీంచి కాలు కింద పెట్టడానికి వీల్లేదు.”

“మంత్రమట మంత్రం!” మార్నీకి ఒళ్ళు మండింది. “ఎవరిదో కాదు అత్తయ్యా, ఇది నా కడుపు. డాక్టరు స్కాన్ తీసి చూపించింది. మాయ ఎక్కడుందో నా కళ్ళతో నేను చూశాను. ఆ ముసలాయన ఫోన్లో ఏదో గొణిగితే అది పక్కకి జరుగుతుందా? మీకసలు నేనంటే ఇష్టం లేదని చెప్పండి. ఏడేళ్ళ నుంచీ చూస్తున్నాగా! వండిపెట్టాను, డెరిక్ లేనప్పుడు మీ ఇంటి ముందు మంచు పార పట్టుకుని తీశాను. ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు నాకు థాంక్స్ చెప్పారా మీరు? పిల్ల చెప్తే మాత్రం నోరు పడిపోవాలా?”

ఆల్ఫ్రీడా మొహం పాలిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చున్నాక కూడా బల్ల అంచు వదల్లేదు.

“నీకే కాదు. నేనెవరికీ చెప్పలేదు” అంది. “డెరిక్ వాళ్ళ నాన్నకి చెప్పలేదు. డెరిక్ పుట్టినప్పుడు నా ప్రాణం నిలబెట్టిన డాక్టరుకి చెప్పలేదు. పధ్నాలుగేళ్ళప్పుడు ఆఖరిసారి చెప్పాను. ఆ మాటతోటే మా అక్కని చంపుకున్నాను.”

ఆల్ఫ్రీడా వాళ్ళ అక్క మైరా పురిట్లో పోయిందని మార్నీ విన్నదే తప్ప, అంతకు మించి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. నడవలో మైరా ఫోటో ఉంది. ఇరవై మూడేళ్ళ పిల్ల, నెత్తికి రుమాలు కట్టుకుని, చేపలు ఎండబెట్టే బల్ల దగ్గర ఎవరినో చూసి నవ్వుతూ ఉంటుంది.

“అక్కకీ ఎనిమిదో నెలే” అంది ఆల్ఫ్రీడా. “నీకులాగే. నొప్పి లేదు, గిప్పి లేదు. పొద్దున లేచేసరికి పక్క తడిసిపోయింది. అమ్మ నన్ను లీవై మామ దగ్గరికి పరిగెత్తమంది. పరిగెత్తాను. ఆయన కళ్ళు మూసుకుని ఏదో అనుకుని, ‘పోవే, ఆగిపోయింది’ అన్నాడు. ఇంటికొచ్చేసరికి నిజంగానే ఆగింది. అక్క లేచి కూర్చుని టీ తాగుతోంది! నాకు ఆనందం పట్టలేదు మార్నీ. మర్నాడు రేవు దగ్గర ఆయన కనపడ్డాడు. తెలుసు నాకు, చెప్పకూడదని తెలుసు. నోరాగలేదు. ‘థాంక్స్ మామా’ అనేశాను. ఆ రాత్రే...” ఆమె చెయ్యి గాల్లో ఒకసారి లేచి బల్ల మీద పడింది. “పరుపు, దాని కింద చాప, ఆ కింద చెక్కలు. చెక్కలు కూడా మార్చాల్సొచ్చింది.”

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి కూలింది. హేజెల్ ఏడుపు ఆపి వింటోంది. వినకూడని మాటలని మార్నీకి తెలుసు. అయినా ఆపలేదు. నలభై ఏడేళ్ళుగా ఆ మాట మింగి బతుకుతోంది ఆల్ఫ్రీడా! ఏడేళ్ళుగా ఈవిడది పొగరనుకుని తను ఎన్నిసార్లు డెరిక్ దగ్గర ఆడిపోసుకుంది, ఎన్నిసార్లు తలుపు దభాలున వేసుకుంది!

నిజానికి ఇంకో సంగతి ఆమెను లోపల్లోపల తొలుస్తోంది. తనకు నమ్మకం లేదు, సరే. మరి ఆదివారం నుంచి రాత్రిళ్ళు ఎందుకు నిద్రపట్టింది? ‘ఆయన ఆపాడులే’ అని ఎక్కడో ఓ మూల అనుకోబట్టే కదా. పిల్లల్ని వదిలి వెళ్ళకుండా ఉండడానికి ఆ ముసలాయన మాట తనకూ పనికొచ్చింది. దయ్యం లేదంటూనే దీపం పెట్టుకు పడుకునేవాళ్ళకీ తనకీ తేడా ఏముంది?

అప్పుడు తలుపు చప్పుడైంది.

స్పార్ దీవిలో ఎవరూ తలుపు తట్టరు. తోసుకుని వచ్చేస్తారు, వచ్చాక ‘ఉన్నారా?’ అంటారు. తట్టేది సర్కారువాళ్ళు, లేకపోతే చావు కబురు మోసుకొచ్చిన పాదిరీ. ఆల్ఫ్రీడా లేచి రెండడుగులు వేసి ఆగిపోయింది. మార్నీకి డెరిక్ గుర్తొచ్చాడు. చివరికి టోబీ పరిగెత్తి గడియ లాగాడు.

లీవై తాత. ఎనభై నాలుగేళ్ళ మనిషి, పొడుగ్గా ఉండేవాడు వంగిపోయాడు. కోటు మీద మంచు. చేతిలో జాం సీసా.

“మామా!” ఆల్ఫ్రీడా ఎదురెళ్ళింది. “పిల్లముండ, దానికేం తెలుసు? తెలీక అంది. ఆ మాట విననట్టు వదిలెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, మళ్ళీ కట్టండి.”

“కూర్చో ఆల్ఫ్రీడా” అన్నాడాయన. సీసాను తీసుకెళ్ళి హేజెల్ చేతికిచ్చాడు. “ఇది నీ దగ్గరే ఉంచుకోమ్మా. నేను దీనికి తగను. నువ్వు నాకు థాంక్స్ చెప్పావు చూడు, కొట్లోంచి ఇంటిదాకా నడవలేకపోయాను. మధ్యలో మూడుచోట్ల కూలబడ్డాను.”

ఆయన కోటు విప్పలేదు. టోపీ మాత్రం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“ఆదివారం నువ్వు ఫోన్ చేశావు” అన్నాడు ఆల్ఫ్రీడాతో. “ఆపమన్నావు. ‘సరే, అయిపోయింది’ అన్నాను. అవునా?”

“అవును. పది నిమిషాల్లో ఆగింది.”

“నేనేమీ చదవలేదు. ఫోన్ పెట్టేసి సూప్ తాగాను. మైరా పోయిన రోజు నుంచీ ఆ మాటలు నా నోటెంట రాలేదు. చదివితే మైరా మొహం కనపడుతుంది. నలభై ఏడేళ్ళుగా అందరికీ ‘అయిపోయింది’ అంటూనే ఉన్నాను. కొందరికి ఆగింది, కొందరికి ఆగలేదు. ఆగినవాళ్ళే చెప్పుకున్నారు.”

మార్నీ దిండు మీంచి తల ఎత్తింది. “అయితే ఆదివారం నాకు ఆగింది...”

“దానంతటదే ఆగిందమ్మా. మళ్ళీ దానంతటదే వస్తుంది. నన్నడిగి రాదు.”

ఆల్ఫ్రీడా తల అడ్డంగా ఊపుతోంది. “కాదు. అక్కకి మీరు ఆపారు. నేను థాంక్స్ చెప్పబట్టే తెగింది. ఊరంతా అదే అన్నారు, ఎవరో చెప్పి ఉంటారన్నారు. నేనేనని ఎవరికీ తెలీదు.”

“నాకు తెలుసు కదే!” అన్నాడు ముసలాయన. “విను. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పను, చస్తాను. ఆ పొద్దున మీ బావ గుర్రాన్ని కట్టాడు. మంచు మీద అవతలి ఒడ్డుకి మైరాని తీసుకెళ్ళడానికి బండి మీద పరుపు కూడా వేశాడు. ముందు నా దగ్గరికొచ్చి అడిగాడు, ‘తీసుకెళ్ళనా, ఉంచనా?’ అని. నాకప్పుడు ముప్పై ఏడేళ్ళు. ఊళ్ళో అందరూ నా మాటకి విలువిస్తుంటే తలకెక్కింది. ‘ఆగిపోయిందిగా, కదపొద్దు’ అన్నాను. వాడు గుర్రాన్ని విప్పేశాడు.”

“మంచు ఎలా ఉంది ఆ రోజు?” అంది ఆల్ఫ్రీడా. చాలా మెల్లిగా అడిగింది.

ఆయన మోకాలి మీది టోపీని అటూ ఇటూ తిప్పాడు.

“మామా, మంచు ఎలా ఉంది?”

“గట్టిగా ఉంది. ఆ రోజంతా గట్టిగానే ఉంది. మర్నాడూ ఉంది. గుర్రం ఉరుక్కుంటూ పోయేది. అప్పట్లో అవతలి ఒడ్డునే ఆస్పత్రి ఉండేది, రెండు గంటల్లో అందులో ఉండేది మైరా.”

మార్నీ కళ్ళు కిటికీ వైపు తిరిగాయి. ఆదివారం. ఆదివారం ఎండ కాసింది. ఆ కిటికీలోంచే చూసింది తను, ఓడ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నీలం నీళ్ళ మీద నింపాదిగా వెళ్ళింది. టోబీ చెయ్యి కూడా ఊపాడు. సోమవారం మంచొచ్చి మూసేసింది. నాలుగు రోజులు పోగొట్టుకుంది తను. ఎవరూ గుర్రాన్ని విప్పలేదు, తనే విప్పుకుంది.

“సమాధుల దగ్గర నువ్వు నా కోటు పట్టుకుని అడిగావు” అంటున్నాడు లీవై. “‘నా వల్లే కదా మామా?’ అన్నావు. చలికి నీ పెదాలు నీలంగా ఉన్నాయి. కాదని చెప్పాలి. ఒక్క మాట, కాదు అనాలి. అంటే ఎవరి వల్ల అని అడుగుతావు కదా, మీ బావ కూడా అక్కడే ఉన్నాడు. నోరు మూసుకుని నీ తల నిమిరాను. అంతే. నా తప్పు తీసుకెళ్ళి పధ్నాలుగేళ్ళ పిల్ల నెత్తిన పెట్టి ఇంటికెళ్ళి పడుకున్నాను.”

ఆల్ఫ్రీడా లేచింది. కొడుతుందేమో అనుకుంది మార్నీ. కొడితే బాగుండుననే అనుకున్నట్టుంది ఆయన, తల ఎత్తి మొహం చూపించాడు. ఆమె కొట్టలేదు. ఆయన ముందు నిలబడి, పైనుంచి కిందిదాకా, ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది.

“నా పెళ్ళిలో మీరు భోంచేశారు” అంది. “నా మొగుడు పోతే శవపెట్టె మోశారు. ఏటా క్రిస్మస్‌కి మీకు కేకు పంపాను. ఇన్నేళ్ళలో ఒక్క నిమిషం దొరకలేదా మీకు?”

“దొరికింది. ధైర్యం దొరకలేదు.”

“మిమ్మల్ని క్షమించను. ఇప్పుడు అడక్కండి, నాకు టైం లేదు” అని ఆయన్నక్కడే వదిలేసి మార్నీ వైపు తిరిగింది. “నీ సంచి ఎక్కడుంది?”

“అత్తయ్యా...”

“సంచి ఎక్కడే? మంచం కిందా? లేవకు, నువ్వు లేవకు! హేజెల్, మీ అమ్మ దువ్వెన పట్రా. టోబీ, దారిలోంచి లేరా నాయనా. పిల్లలు నా దగ్గర ఉంటారు. వీడికి పాలల్లో రొట్టె నానబెట్టి పెడతాను, అదేగా తినేది? రాత్రి ఏడిస్తే?”

“చెవి పట్టుకుని పడుకుంటాడు. మీ చెవి ఇవ్వాలి.”

“ఇస్తాను. రెండూ ఇస్తాను.”

మార్నీ ఫోన్ అందుకుంది. గ్లెండా ఎత్తగానే, “నీకు అబద్ధం చెప్పాను. ఆదివారం పడింది. రెండు తువ్వాళ్ళు తడిశాయి” అంది. తర్వాత గ్లెండా తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, పత్రిక పెద్దలు ఒప్పుకోరు. చివర్లో మాత్రం, “పదిహేను నిమిషాల్లో గుమ్మం ముందుంటా. నీళ్ళు కూడా తాగకు” అంది.

పావుగంటలో వ్యాను వచ్చింది. స్ట్రెచర్ వంటింట్లోకి పట్టలేదు. గ్లెండాతో వచ్చిన ఇద్దరు మగవాళ్ళు మార్నీని దుప్పటిలో మోసుకెళ్తుంటే లీవై తాత తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ని పొమ్మనలేదు, ఉండమనలేదు. హేజెల్ వ్యాను దాకా పరిగెత్తుకొచ్చింది, కోటు గుండీలు తప్పుగా పెట్టుకుని.

“కెప్టెన్ ఓడ దిగకూడదు కదమ్మా” అంది.

“ఇంకో ఓడ ఎక్కుతున్నాగా. ఇక్కడ నువ్వే కెప్టెన్‌వి. తమ్ముడు చెప్పినమాట వినకపోతే ఏం చేస్తావ్?”

“నానమ్మకి చెప్తా.” గొంతు తగ్గించి, “అమ్మా, నీకూ చెక్కలు మార్చాల్సొస్తుందా?” అంది.

మార్నీ పిల్ల చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. లేదని చెప్పాలి. ఒక్క మాట. ఆ ముసలాయన ఒక పిల్లకి చెప్పలేకపోయిన మాట అలాంటిదే కదా. “తెలీదు బంగారం. మార్చకుండా ఉండాలనే వెళ్తున్నా” అంది. నిజం చెప్పినందుకేమో, హేజెల్ ఏడవలేదు. తలూపి వెనక్కి వెళ్ళి నానమ్మ చెయ్యి పట్టుకుంది. టోబీ రెండు చేతులూ పైకి చాచి, ‘ఎత్తుకో’ అంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు. వ్యాను తలుపు మూసేదాకా వాడి చేతులు అలాగే ఉన్నాయి.

ఓడ మూడుంబావుకి బయల్దేరాల్సింది, మూడుముప్పావుకి కదిలింది. వ్యానుని కింది అంతస్తులో కార్ల మధ్య నిలిపారు. మంచు పెళ్ళలు ఓడ పక్కల్ని రాసుకుంటూ గరగరమంటున్నాయి. గ్లెండా నాడి చూసింది, బీపీ చూసింది, బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. టకటకటకమని పరుగు.

“గడుగ్గాయి. అవతల ఒడ్డున అంబులెన్సు రెడీగా ఉంది. మూడున్నర గంటల ప్రయాణం, అంతే. నిద్రపో” అంది.

మార్నీ కళ్ళు మూసుకుంది. ఇరవై నిమిషాలు గడిచి ఉంటాయి. తొడల మధ్య వెచ్చగా అనిపించింది. చాలా మెత్తగా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వచ్చింది అది. నాలుగు వారాల అలవాటు ఆమె నోరు మూసింది. ఆగిపోతుందిలే, పది నిమిషాలు చూద్దాం, చెబితే గాభరా పడతారు అంది మనసు. పదిదాకా లెక్కపెట్టబోయి నాలుగు దగ్గర ఆపేసింది.

“గ్లెండా. మొదలైంది.”

గ్లెండా దుప్పటి ఎత్తింది. ఇరవై ఏళ్ళుగా నర్సు, మొహంలో ఏమీ కనపడనివ్వదు. ఇప్పుడూ కనపడనివ్వలేదు గానీ, దుప్పటి దించకుండా అలాగే పట్టుకుని ఉండిపోయింది. తర్వాత ఒక్కసారిగా సూదులూ సెలైనూ అందుకుని, ఓడ కుర్రాళ్ళలో ఒకణ్ణి కేకేసింది. “పైకెళ్ళి కెప్టెన్‌ని అడుగు, ఇంకెంతసేపని. ఆగకుండా పొమ్మను, ఏం విరిగినా పర్లేదు పొమ్మను!”

వాడి బూట్ల చప్పుడు ఇనప మెట్ల మీద పైకి పోయింది. మార్నీ చేతిలో సూది దిగింది. నొప్పి తెలియలేదు. కాళ్ళు ఎవరివో అన్నట్టు బరువెక్కాయి. గ్లెండా ఏదో అడుగుతోంది, రక్తం గ్రూపు ఏదని, బిడ్డ కదులుతోందా అని. జవాబులు చెబుతూనే, చెవి బయటి చప్పుడు మీదే పెట్టింది మార్నీ. మంచు గరగర తగ్గింది. తగ్గి తగ్గి ఆగిపోయింది. వ్యాను నేల కింద ఇందాకటిదాకా ఉన్న ఇంజను అదురు కూడా లేదు.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

“వచ్చేశామా?” అంది.

గ్లెండా మోచేత్తో అద్దం తుడిచి, కార్ల మీదుగా ఓడ కిటికీలోంచి బయటికి చూసింది. ఇటు చూసింది, అటు చూసింది. ఎటు చూసినా కదలని తెల్లటి మంచే, ఒడ్డు జాడ లేదు.

“లేదు” అంది.